ఏ నెలలో ఏ సముద్రం

బ్యాంకాక్‌కి మూడు రోజులు చాలంటాడు రవి. చాలవంటాను నేను. మా ఇద్దరి మధ్య రెండు వరసల ఇనుప జల్లెడ ఉంది. ఆ రెంటి మధ్య మూరెడు ఖాళీ. అటువైపు లోపలివాళ్లు, ఇటువైపు వాళ్ల తల్లులు, పెళ్లాలు, చంకల్లో పిల్లలు. అందరూ ఒకేసారి మాట్లాడాలి కాబట్టి అందరూ అరుస్తారు. మేమూ అరుస్తాం.

“గుళ్లే మూడున్నాయి. నదిలో పడవెక్కాలి. శని ఆదివారాలు పెద్ద సంత. ఆ సంతకే ఒక రోజు అయిపోద్ది.”

“సంతా? ఇమానం ఎక్కి ఎల్లి సంత సూత్తావేటి? మన మాడుగుల సంత ఏం పాపం సేసింది?”

“మాడుగుల సంతలో నువ్వు నాకు రిబ్బను కూడా కొన్లేదు.”

నా పక్కన నిలబడ్డ ముసలమ్మ కొడుకుతో మాట్లాడడం ఆపి నా వైపు తిరిగింది. “ఎక్కడికమ్మా పెయానం?”

“థాయిలాండ్ మామ్మా.”

“ఎప్పుడు?”

“ఈయన బయటికొచ్చాక.”

ఆవిడ మళ్లీ కొడుకు వైపు తిరిగింది. ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, అది తేదీ కాదని.

నాకొక జబ్బుంది. ఊరికే సంతోషం వస్తుంది. విశాఖ సెంట్రల్ జైలుకి మొదటిసారి వచ్చినప్పుడు కూడా, గేటు పక్క గోడ మీద కాగితం పువ్వులు గులాబీ రంగులో విరగబూసి ఉంటే, ఏడుస్తూ ఏడుస్తూనే వాటిని చూసి ఆగిపోయాను. తెల్లవారకముందే కొండ దిగి, రెండు బస్సులు మారి వస్తాను. బస్సులో ఎవరైనా సీతాఫలం చేతిలో పెడితే సంతోషం. రవి తల దువ్వుకుని వస్తే సంతోషం. బయటికొచ్చి మళ్లీ బస్సెక్కాక అది ఎటు పోతుందో తెలియదు. ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి నాలో ఏమీ మిగలదు.

మా పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. అందులో మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్నది మామిడి పూత నుంచి పిందె దాకా.

మాది గుమ్మలక్ష్మీపురం. అక్కడ పుట్టి, పార్వతీపురంలో డిగ్రీ చేసి, జి.మాడుగుల అవతల కొండమీది ఊరికి కోడలిగా వచ్చాను. ఊరి పైన ఒక బోడికొండ ఉంది. చలికాలం ఆ కొండెక్కి నిలబడితే కింద లోయలన్నీ మబ్బుతో నిండిపోయి, దూరపు కొండల తలలు మాత్రమే పైకి కనబడతాయి. దాన్ని చూడడానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. రవి కూడా డిగ్రీ చదివినవాడే. ఉద్యోగం దొరక్క, ఆ కొండ మీద టెంట్లు వేయడం మొదలుపెట్టాడు. పెళ్లయ్యాక ఫోన్లో బుకింగులు నేను చూసేదాన్ని. పొద్దున్నే టెంట్ల దగ్గరికి మా తోటలో పండిన కాఫీ పట్టుకెళ్లి, “రాత్రి బాగా నిద్ర పట్టిందా అండీ?” అని ఒక్కొక్కరినీ అడిగేదాన్ని.

ఒకరోజు హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త జంట నన్ను కూర్చోబెట్టి తమ థాయిలాండ్ ఫోటోలు చూపించారు. ఆకుపచ్చ నీళ్లు, నీళ్లలోంచి నిటారుగా లేచిన కొండలు, ముక్కుకి పూలదండలు కట్టిన పొడుగాటి పడవలు. ఒక ఫోటోలో ఆ అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంటే, ఎవరో ట్రేలో కాఫీ తెచ్చి ఇస్తున్నారు.

ఆ రోజు సాయంత్రం రవితో అన్నాను. “నన్ను కూడా ఎవరైనా ఒకసారి అడగాల. రాత్రి బాగా నిద్ర పట్టిందా అని.”

“నేనడుగుతాను కదే.”

“నువ్వు కాదు. ఎవరో తెలీనోళ్లు. నేను ఆళ్లకి డబ్బులిచ్చినందుకు నవ్వుతా అడగాల.”

రవి చాలాసేపు నవ్వాడు. తర్వాత, “పోదాం అయితే” అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు.

మా ఊళ్లో ఫోనుకి సిగ్నల్ ఒక్కచోటే అందుతుంది. బోడికొండకి వెళ్లే దారిలో పెద్ద బండ. దాన్ని టవర్ బండ అంటారు. ఎవరికి ఏ ఫోను పని ఉన్నా ఆ బండెక్కాల్సిందే. కాబట్టి మా ప్రయాణం ఊరందరి ముందే తయారైంది. సముద్రం ముందా, పట్నం ముందా? నేను సముద్రమే ముందు అన్నాను. పుట్టినప్పటి నుంచీ కొండల్లో ఉన్నదాన్ని, అంతవరకూ ఎవరు ఆగుతారు? రవి పట్నమే ముందన్నాడు. మా టెంట్లకి వచ్చేవాళ్లను చూసి నేర్చుకున్నాడట: ముందు తిరిగి అలిసిపోవాలి, ఆఖరున ఇసకలో పడుకోవాలి, ఆ సేదతీరిన ఒంటితో ఇంటికి రావాలి. బండ మీద ఉన్నవాళ్లంతా ఎటో ఒకవైపు చేరారు.

మా అత్త గంగమ్మ మాత్రం, “సముద్రం సూడ్డానికి ఇమానం ఏటే? ఇసాపట్నంలో ఎండిపోనాదా?” అంది.

ధర్మ అన్నయ్య నా పక్షం. అతను మా అత్తకి అన్న కొడుకు. రవికి బావ, చిన్నప్పటి నుంచీ జంట. మా పెళ్లిలో థింసా ఆట ఆడి ఆడి రెండు రోజులు కుంటుతూ నడిచాడు. “పట్నం ఏటుందిరా సూడ్డానికి? సముద్రంలో దిగు. మా సెల్లిని నీళ్లలో వొదిలెయ్యకు, ఈతరాదు దానికి” అనేవాడు. తనేదో పుట్టగానే ఈత నేర్చుకున్నట్టు.

మాకు దొరికేది టెంట్ల పని లేని వేసవి. ఆ జంట చెప్పింది బాగా గుర్తుపెట్టుకున్నాను: ఆ దేశానికి రెండు పక్కలా సముద్రముంది. చలికాలం నుంచి వేసవి మొదలు దాకా పడమటి తీరం, క్రాబీ వైపు, బాగుంటుంది. ఆ తర్వాత అటు వానలు. అప్పుడు తూర్పు తీరం, సముయ్ దీవి వైపు, ఎండ. మేం క్రాబీ అనుకున్నాం. విశాఖ నుంచి బ్యాంకాక్, అక్కడ మూడు రోజులో నాలుగు రోజులో, ఆ తర్వాత క్రాబీ. వీసా గొడవ కూడా లేదు. పాస్‌పోర్టు ఉంటే చాలు.

విశాఖలో పాస్‌పోర్టు ఆఫీసుకి పెళ్లి బట్టలు కట్టుకుని వెళ్లాం. రవి వేలిముద్రలు మిషను తీసుకోలేదు. టెంటు తాళ్లు లాగి లాగి వేళ్లు అరిగిపోయాయి. అక్కడి అమ్మాయి, “నుదుటికి రుద్దుకోండి సార్, తడి తగిల్తే పడుతుంది” అంది. రవి అంతమందిలో నుదురు రుద్దుకుంటుంటే నాకు ఎంత నవ్వొచ్చిందో. బయటికొచ్చి బజ్జీలు తిన్నాం. ఆ రోజు నా జీవితంలో మంచి రోజు. ఇప్పుడు తలుచుకున్నా అది మంచి రోజుగానే ఉంది. నన్ను చంపేది అదే.

ఆ తర్వాత పోలీసు విచారణ. మా స్టేషను నుంచి సన్యాసిరావుగారని హెడ్ కానిస్టేబుల్ రావాలి. మా పెళ్లిలో భోజనం చేసినవాడే. రాకపోతే నేనే ఫోన్ చేశాను, “బేగి రండి సారూ, టిక్కెట్లు తీసుకోవాల” అని. మళ్లీ చేశాను. వచ్చాడు. కాఫీ తాగి, “ఇదీ కాఫీ అంటే” అన్నాడు. ఇంటి ముందు మా ఇద్దర్నీ నిలబెట్టి ఫోటో తీశాడు.

“హనీమూనా ఏటమ్మా? నేను మా ఆవిణ్ని అన్నవరం తీసుకెళ్లేను. అదీ మా అమ్మతో కలిపి.”

ఊరంతా నవ్వింది.

వారం తిరక్కుండా జీపులో మళ్లీ వచ్చాడు. వెంట కింద మైదానం నుంచి వచ్చిన వేరే పోలీసులు. వాళ్లు రవిని పేరడిగి, తండ్రి పేరడిగి, జీపెక్కమన్నారు. రవి అప్పుడు టెంటు గుడ్డకు చిరుగు కుడుతున్నాడు. సూది గుడ్డకే గుచ్చి లేచాడు. సన్యాసిరావుగారు పనస చెట్టు కింద మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను చెయ్యి పట్టుకు లాగితే అన్నాడు, “పేరు కొట్టగానే కంప్యూటర్లో వొచ్చేసిందమ్మా. గంజాయి కేసు. నాలుగో ముద్దాయి. పరారీ అని ఉంది.”

“పరారీ ఏటి సారూ? మైకులెట్టి పెళ్లి చేసుకున్నాడు. మీరు మా ఇంట్లో తిన్నారు.”

“తిన్నాన్తల్లీ” అన్నాడాయన. అంతే అన్నాడు.

*

సంగతి ధర్మ అన్నయ్యే చెప్పాడు. దాచలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చుని, కోడి దొంగిలించినవాడు చెప్పినట్టు నేల చూస్తూ చెప్పాడు.

కరోనా రెండో ఏడాది. ఊళ్లో పనుల్లేవు. ఎవరో వచ్చి మూటలు మోస్తే కూలి ఇస్తామన్నారు. ధర్మ, ఇంకో ముగ్గురు కొండదారిన మూటలు మోసుకెళ్తుంటే కింద పట్టుకున్నారు. ఒకడు మూట వదిలి అడవిలోకి పరుగెత్తాడు. సరిహద్దు అవతలివాడు. వాడి పేరు కూడా వీళ్లకి తెలియదు. మూటలు నాలుగు, మనుషులు ముగ్గురు. నాలుగోవాడెవడని పోలీసులు కొట్టారు.

మా కొండల్లో దీనికొక పద్ధతుంది. ఎవరూ నేర్పరు, అందరికీ తెలుసు. పారిపోయినవాడి పేరడిగితే, ఊళ్లో లేనివాడి పేరు చెప్పాలి. కేరళకి పనికెళ్లినవాడిదో, హాస్టల్లో చదువుకునేవాడిదో. లేనివాడి కోసం పోలీసులు ఒకసారి కొండెక్కుతారు, లేడని తెలిసి దిగిపోతారు. ఎవరికీ నష్టం లేదు.

“నువ్వు సదువుకున్నదానివి, నీకు తెల్దు సెల్లీ, ఆ దెబ్బలు” అన్నాడు ధర్మ. “నోటికి రవిగాడి పేరే వొచ్చింది. ఆడు పట్నంలో కాలేజీలో ఉన్నాడు కదా. కాలేజీలో రోజూ పేరు పిలుత్తారు, పలుకుతాడు. సదువుకున్నోడి జోలికి ఎవుడొత్తాడు అనుకున్నాను.”

“మరి ఆయనకి చెప్పలేదేటి?”

“బెంగెట్టుకుంటాడని. పరీచ్చలు.”

ధర్మ ఆరు నెలలు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. అప్పటికి ఇంకా వాయిదాలకు తిరుగుతున్నాడు. నాలుగోవాడి పేరు కాగితాల్లోనే ఉండిపోయిందని, కొన్నాళ్లకి అదే చెరిగిపోతుందని అనుకున్నాడు. రవి పేరు తను చెప్పానని ఊళ్లో కొందరికి చెప్పాడు కూడా. వాళ్లు కూడా మంచి పని చేశావనే అన్నారట. డిగ్రీ చదువుతున్నవాడి పేరంటే గొడుగు లాంటిదని మా వాళ్లందరి నమ్మకం. నాకు మాత్రం లేదా? డిగ్రీ కాగితం తెచ్చుకున్న రోజు, ఇక నన్నెవరూ ఏమీ చెయ్యలేరని మా అమ్మతో అన్నదాన్ని నేను.

లాయరు లక్ష్మీప్రసాద్‌గారు అంతా విని ఒకటే అడిగారు. “ఆ రోజు మీ ఆయన కాలేజీలో ఉన్నట్టు అటెండెన్స్ ఉంటుంది కదా?”

లేదు. కరోనా కదా. కాలేజీ మూసేశారు. హాస్టలు ఖాళీ చేయించారు. ఆన్‌లైన్ క్లాసులన్నారు. మా ఊళ్లో అప్పుడు టవర్ బండ మీద కూడా సిగ్నల్ లేదు. ధర్మ మూటల పనికి వెళ్లిన రోజుల్లోనే రవి ఇంటికి వచ్చేశాడు, అంబలి తాగి పశువులు తోలుతున్నాడు. ధర్మ కొండదారిలో తన్నులు తింటూ పట్నంలో ఉన్నాడనుకున్న మనిషి, రెండు కొండల ఇవతల ఆవుల వెనక తిరుగుతున్నాడు. కరోనా కాబట్టి పోలీసులు అతని కోసం ఒక్కసారి కూడా కొండెక్కలేదు, పరారీ అని రాసేసుకున్నారు.

“విచారణలో కేసు నిలబడదమ్మా” అన్నారు లాయరుగారు. “ఒకడు దెబ్బలు తిని చెప్పిన పేరు తప్ప ఏమీ లేదు. కానీ ఆ విచారణ ఎప్పటికి మొదలవుతుందో నేను చెప్పలేను. ఏళ్లు పట్టొచ్చు. మూటలు పెద్దవి, పరారీ అని రాసుంది. బెయిలివ్వరు.”

*

అలా మొదలైంది మా ప్రయాణం మళ్లీ. మొదటి ములాఖత్‌లో ఇద్దరం ఏడ్చాం. టైమంతా అయిపోయింది. రెండోసారి రవి జల్లెడ దగ్గరికి వచ్చి, “సరేలే, సముద్రమే ముందు పెట్టు” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వాయిదా పడినప్పుడల్లా ప్రయాణం జరిపేవాళ్లం. వేసవి ముదిరింది. క్రాబీ వైపు వానలు మొదలయ్యుంటాయి. “సముయ్‌కి మార్చేశాను” అని అరిచాను. “అక్కడ ఎండగా ఉంటాదా?” “ఉంటాది.” ఆ వారమంతా టవర్ బండ మీద కూర్చుని సముయ్‌కి దారి చూశాను. బ్యాంకాక్ నుంచి రాత్రి రైలు, ఆ తర్వాత పడవ. రైలు మాట చెప్తే రవి పై బెర్తు తనకే కావాలన్నాడు. వర్షాలు పడి మా ఊరి దారి కొట్టుకుపోయింది. సముయ్‌లో ఎండే. దసరా దాటింది. సముయ్ వైపు తుఫాన్లు మొదలవుతాయి. మళ్లీ క్రాబీ. ఏ నెలలో వదిలినా సరే, ఆ దేశంలో ఏదో ఒక తీరాన ఎండ ఉంటుంది. అంత మంచి దేశం అది. ఒక రోజు బస్సులో ఆ సంగతి తట్టి, కిటికీ ఊచకి తల ఆనించుకుని ఊపిరాడక ఏడ్చాను. ఎప్పటికీ వాయిదా వెయ్యొచ్చు ఈ ప్రయాణాన్ని. అడ్డు చెప్పడానికి అక్కడ వానాకాలమైనా లేదు.

రవి చిక్కిపోతున్నాడు. ఒకసారి చెయ్యి జల్లెడకి ఆనిస్తే వేళ్లు నున్నగా కనబడ్డాయి. తాళ్లు లాగక, మొద్దుబారిన చోటల్లా తోలు ఊడి కొత్త తోలు వచ్చింది. ఇంకోసారి నేను మాట్లాడుతుండగా మధ్యలో నన్ను పేరు పెట్టి ఆపి, “పెసన్నా, ఇక్కడ ఒకాయన కేసు విచారణకి రావడానికే నాలుగేళ్లు అయిందంట” అన్నాడు. నేను వినబడనట్టు పడవల గురించి చెప్తూ పోయాను. అప్పటికే గొంతు బొంగురుపోయింది.

చలికాలం వచ్చింది. కొండ మీదికి జనం రావడం మొదలైంది. టెంట్లు వేసేవాళ్లు లేరు. అప్పుడు లాయరుగారు ఫోన్ చేశారు.

“ఒక దారుందమ్మా. ఆ ధర్మ జడ్జిగారి ముందు నిలబడి, దెబ్బలకి తాళలేక లేని మనిషి పేరు చెప్పానని ఒప్పుకుంటే, మీ ఆయనకి బెయిలు రావొచ్చు. అయితే అసలు మనిషి వేరే ఉన్నాడని చెప్పాలంటే తను అక్కడున్నట్టు ఒప్పుకోవాలి. మూట మోసినట్టు. ఇన్నాళ్లూ మోయలేదనే కదా అతని వాదన. అతని బెయిలు పోతుంది. శిక్ష పడితే పదేళ్లకి తక్కువుండదు. అదంతా అతనికి చెప్పే తీసుకురా. చెప్పకుండా తేవద్దు.”

*

ధర్మ అన్నయ్య వాళ్ల తోటలో కాఫీ పండు ఏరుతున్నారు. సిల్వర్ ఓక్ చెట్ల కింద అతని భార్య బేబి వదిన నడుముకి సంచి కట్టుకుని, ఎర్రవి మాత్రమే తుంచి వేస్తోంది. వాళ్ల పాప చెట్టు మొదట్లో గోనె పట్టా మీద కూర్చుని పండు చీకుతోంది.

“రా వదినా. తీపి పండు తిను, ఇది సూడు” అని వదిన ఒక పండు నా నోట్లో పెట్టింది. నిజంగానే తీపి. నాకు సంతోషం వచ్చింది. ఆ నోటితోనే లాయరుగారి మాటలన్నీ చెప్పాను. ఒక్కటీ దాచలేదు. పదేళ్లన్నది కూడా.

బేబి వదిన చేతిలో కొమ్మ వదిలేసింది. అది పైకి లేచి ఊగింది.

“మా గుంట ఇంకా నడవడం లేదు” అంది. నాతో కాదు, ధర్మతో.

ధర్మ బుట్టలోంచి పచ్చికాయలు ఏరి అవతల పారేస్తూ కూర్చున్నాడు. “ముందు ఆణ్ని సూడాల. ఆడితో మాటాడేక కోర్టుకెల్తాను. ఈ వాయిదాకే.”

“ఏటి మాటాడతావు? ఏటి?” అంది వదిన.

“తెల్దు.”

ఇంట్లో మా అత్తకి చెప్పాను. ఒకవైపు కొడుకు, ఒకవైపు అన్న కొడుకు. ఆవిడ పొయ్యి ముందు నుంచి లేవకుండా, “నన్నడక్కు. నన్నేటీ అడక్కు” అని రెండు చెవులూ మూసుకుంది.

వాయిదా రోజు పొద్దున ధర్మ ఉతికిన చొక్కా వేసుకుని బస్సు దగ్గరికి వచ్చాడు. జైల్లో రవి జల్లెడ దగ్గరికి వచ్చి ధర్మని చూడగానే, ఇన్నాళ్లలో చూడని నవ్వు నవ్వాడు.

“ఏరా బావా, ఈ ఓటేలు ఎలాగుంది?” అన్నాడు ధర్మ.

“నువ్వు దిగిన ఓటేలే కదరా. మీ అప్పుడు పప్పు ఎలాగుండేది?”

“మాది పప్పా? పసుపు నీళ్లు.”

“ఇప్పుడు పసుపు కూడా లేదు.”

ఇద్దరూ నవ్వారు. చుట్టుపక్కల వాళ్లు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. టైము పోతోంది. “చెప్పన్నయ్యా” అన్నాను. ధర్మ నోరు తెరిచేలోపే రవి చెయ్యెత్తాడు.

“తెలుసు. లాయరు సెప్పేడు. నువ్వు కోర్టుకి రావద్దు.”

“రవీ!” అన్నాను.

“నేను సెయ్యలేదు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు వొదిలేత్తారు. ఆడు సేసేడు. ఆణ్ని వొదల్రు. అంతే కదే లెక్క.”

“ఎప్పుడో అంటే ఎప్పుడు?”

రవి నా వైపు చూశాడు. “క్రాబీ గురించి సెప్పు. ఇప్పుడు అక్కడ ఎండే కదా?” అని బతిమాలుతున్నట్టు అడిగాడు.

నేను చెప్పలేదు. మొదటిసారి నాకు ఆ పడవలన్నా, ఆ నీళ్లన్నా అసహ్యం వేసింది. గంట కొట్టారు. రవి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, “బావా, ఇంటికెల్లిపో” అని అరిచాడు.

బయట ఎండ. కొండకెళ్లే బస్సు రోడ్డుకి ఇటు, కోర్టుకెళ్లే ఆటోలు అటు. ధర్మ రోడ్డు మధ్య డివైడరు దగ్గర ఆగిపోయాడు.

“ఆడు వొద్దన్నాడు” అన్నాడు. “నువ్వు సెప్పు సెల్లీ. నువ్వు రమ్మంటే వొత్తాను. నీ మాటే.”

అతను నిజంగానే అడిగాడు. వద్దంటే ఆ బస్సెక్కి పోయేవాడు, వాళ్ల పాప నడిచే వేళకి ఇంట్లో ఉండేవాడు. నాకు ఆ పాప గుర్తుకు రాలేదని చెప్పను. గుర్తుకొచ్చింది. పండు రసంతో ఎర్రబడ్డ దాని గడ్డం కూడా కళ్లకి కట్టింది.

“రా అన్నయ్యా. ఆటో ఎక్కు” అన్నాను.

ఎక్కాడు.

*

ధర్మ జడ్జిగారి ముందు అంతా చెప్పాడు. సాయంత్రానికి అతన్ని లోపలికి పంపేశారు. పోలీసు వ్యాను ఎక్కేముందు ఫోను, తువ్వాలు నా చేతిలో పెట్టి, “బేబికియ్యి. కాఫీ ఎండలో ఎయ్యమను, మంచు పడితే బూజడతాది” అన్నాడు.

ఒకరు లోపలికెళ్తే ఒకరు బయటికొస్తారని అనుకున్నాను. అవతలి లాయరు లేచి, ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు మాట మార్చాడంటే దీన్ని పరిశీలించాలన్నాడు. రవి బెయిలు మళ్లీ వాయిదా పడింది. ఆ తర్వాత ఇంకోసారి పడింది. లక్ష్మీప్రసాద్‌గారు నా మొహం చూడకుండా, “వస్తుందమ్మా, రావొచ్చు” అన్నారు.

ధర్మ లోపలికెళ్లిన రాత్రి తువ్వాలు తీసుకుని వెళ్తే బేబి వదిన గుమ్మంలోనే అందుకుంది. అంత మెత్తటి మనిషి, ఊరంతా వినేటట్టు తిట్టింది. “నీ సముద్రంలో ఇసక పొయ్య! నీ ఇమానం కొండకి గుద్దుకోనూ! తిరగడానికెల్తాదంట, తిరగడానికి! నా కొంప మీదుగా తిరిగేవు కదే!” నేను నిలబడి అన్నీ విన్నాను. మా అత్త వచ్చి నన్ను కాదు, ఆవిణ్ని పట్టుకుంది.

ఇప్పుడు వారం వారం ఒకే బస్సులో వెళ్తున్నాం, నేను ముందు, పాపతో ఆవిడ వెనక. పాప ఘాట్ రోడ్డులో కక్కుకుంటే నేను లేచి నీళ్ల సీసా అందిస్తాను. తీసుకుంటుంది. మాట్లాడదు.

మొదటి వారం, జైలు లోపల రవి పేరు పిలిచారు. ధర్మ పేరు పిలిచారు. ధర్మ ఒక్కడే వచ్చాడు. రవి ఏడీ అని వార్డరుని అడిగితే, “రానన్నాడమ్మా” అన్నాడు.

“ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉన్నాడు. రానన్నాడు.”

నేను జల్లెడ పట్టుకుని నిలబడ్డాను. నా ఎదురుగా ఎవరూ లేరు. పక్కన బేబి వదిన పాపని ఎత్తి చూపిస్తోంది. ధర్మ జల్లెడకి మొహం ఆనించి నాలుకతో టకటక చప్పుడు చేస్తున్నాడు. పాప నవ్వింది. నాకు కూడా నవ్వు రాబోయింది, ఆ జబ్బు ఇంకా పోలేదు.

కాసేపటికి ధర్మ నా వైపు తిరిగాడు. “ఆడికేటి సెప్పమంటావు సెల్లీ?”

ఎన్నో అనుకుని వచ్చాను. “తింటున్నాడా?” అన్నాను.

“తింటన్నాడు. నాతో కూడా మాటల్లేవు. నువ్వెందుకొచ్చేవురా అని ఒక్కసారి కాలరట్టుకున్నాడు, అంతే.” మళ్లీ అన్నాడు, “రాత్రి నా దుప్పటి పల్చగా ఉందని, తనది కూడా నా మీద కప్పేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.”

బేబి వదిన విని తలొంచుకుంది. ఆ మాటతో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. గంట కొట్టారు.

తర్వాతి వారం కూడా రాలేదు. ఆ తర్వాతి వారం కూడా. నేను మాత్రం పేరిస్తూనే ఉన్నాను. ఇటు కిటికీలో రాసుకుంటారు, అటు లోపల ఎవరో గట్టిగా పిలుస్తారు. గోడ అవతల నుంచి కూడా ఆ పిలుపు నాకు వినబడుతుంది. పిలిచినప్పుడు ఆ తలుపు వైపు చూడకుండా ఉండడం ఇంకా అలవాటు కాలేదు.